జాంబియాకు దక్కిన మూడు పేజీలు

కల్వకుర్తి దవాఖానలో సాలమ్మ సిస్టరంటే తెలియనివాళ్లు తక్కువ. కూలికి పోయే ఇంట్లో పుట్టి, మిషన్ హాస్టల్లో చదివి నర్సయిన మనిషి. 1981లో జాంబియా దేశానికి నర్సులు కావాలని తెలిసి, సముద్రం కూడా చూడని సాలమ్మ విమానమెక్కి ఆఫ్రికాకు పోయింది. అక్కడి దక్షిణ ప్రాంతంలో ఒక మిషన్ దవాఖానలో ఆరేళ్లు పనిచేసి తిరిగొచ్చింది.

పోయిన మూడో నెలలోనే ఆమెకు మలేరియా పట్టుకుంది. ముటింటా అనే తోటి నర్సు ఆమెను తన ఇంటికి తీసుకుపోయి పదకొండు రోజులు సాకింది. పలుచటి మక్కజావ తాగించింది, ఒళ్లు తుడిచింది, భయపడినప్పుడు పక్కన కూర్చుని తన టోంగా భాషలో ఊరడించింది. మాటలు అర్థం కాకపోయినా సాలమ్మకు ధైర్యం వచ్చేది. ఆ భాష నేర్చుకోవడం ఆ మంచం మీదే మొదలైంది. ఆ ఇల్లు తలుచుకుంటే తిరిగొచ్చాక కూడా ఆమెకు కడుపు నిండినట్టుండేది.

1990లో ఒకరోజు లైబ్రరీలో ఆమెకు ఒక విజ్ఞాన సర్వస్వం కనిపించింది. నల్గొండలో కొందరు పంతుళ్లు పూనుకుని, ఊరూరి నుంచి తెలిసినవాళ్లు రాసి పంపినవన్నీ కూర్చి, సంపుటాలుగా అచ్చు వేయిస్తున్నారు. సాలమ్మ ఆశగా ‘జ’ అక్షరం పేజీలు తిప్పింది. జాంబియాకు అర పేజీ దక్కింది. రాజధాని లివింగ్‌స్టన్ అని ఉంది. జనం వేటాడి బతుకుతారట. బడులు లేవట. రోగమొస్తే మంత్రగాళ్లే దిక్కట.

తనను బతికించింది ఏ మంత్రగాడూ కాదు, తనకంటే ఎక్కువ చదువుకున్న ముటింటా. సంపుటం చివర, తప్పులుంటే తెలపమని ఒక చిరునామా ఉంది. సాలమ్మ నాలుగు కాగితాలు నింపింది. రాజధాని లుసాకా అని, జనం మక్కలు పండించి పశువులు సాకుతారని, రోజూ తినే న్షిమా మన మక్క గట్కలాంటిదేనని, రాగి గనుల్లో వేలమంది పనిచేస్తారని, తనతో పనిచేసిన నర్సులంతా అక్కడి బడుల్లో చదివినవాళ్లేనని రాసింది. ఆ దేశపు భాష టోంగా అని కూడా రాసింది.

రెండు వారాలకు నల్గొండ నుంచి బస్సెక్కి ఒక పెద్దమనిషి దవాఖానకు వచ్చాడు. పేరు నూరుద్దీన్, రిటైరైన భూగోళం సారు, ఆ సంపుటాలు కూర్చే పంతుళ్లలో ఆయనొకరు. సాలమ్మ డ్యూటీ అయ్యేదాకా బెంచీ మీద కూర్చుని, తర్వాత ఆమె ఉత్తరం జేబులోంచి తీశాడు.

“ఆ అర పేజీ రాసింది నేనేనమ్మా,” అన్నాడు. “అరవై ఏండ్ల కిందటి ఇంగ్లీషు పుస్తకం చూసి రాసిన. దేశం పేరొక్కటే కొత్తది పెట్టిన. లోపలిదంతా తెల్లోళ్ల పాలన నాటి సంగతే.”

కోపంగా నాలుగు మాటలు అనాలని మనసులో పెట్టుకున్న సాలమ్మకు ఆ మాటతో కోపం దిగిపోయింది. అంత దూరం వచ్చి తప్పు తనదని చెప్పిన పెద్దమనిషిని ఆమె అంతకుముందు చూడలేదు. టీ తెప్పించింది. కొత్తగా రాయడానికి ఆయన ఒకటే షరతు పెట్టాడు: కళ్లారా చూసినవి ఒక కాగితం మీద, విన్నవి ఇంకో కాగితం మీద రాయాలి, విన్నవాటికి ఇంకొకరి సాక్ష్యం ఉండాలి. సాలమ్మ అలాగే రాసి, సాక్ష్యం కోసం అంతా ఇంగ్లీషులోకి మార్చి ముటింటాకు పంపింది.

మూడు నెలలకు జవాబొచ్చింది. పిల్లల క్షేమం, కొత్త వార్డు ముచ్చట్లు అయ్యాక ముటింటా అసలు సంగతికి వచ్చింది. టోంగా తమ వైపు మాట్లాడే భాష మాత్రమే. గనుల వైపు బెంబా, లుసాకాలో న్యాంజా, పడమటి దిక్కున లోజీ, ఇంకా చాలా ఉన్నాయి. మా ఊరొక్కటి చూసి దేశమంతా అదే అనుకున్నావు, ఇండియాలో అందరూ తెలుగే మాట్లాడతారని నేను రాస్తే ఒప్పుకుంటావా, అని అడిగింది.

సాలమ్మ సిగ్గుపడింది. ఆరేళ్లు ఉండొచ్చి కూడా ఆమె చేసింది నూరుద్దీన్ సారు చేసిన పనే. ఆ ఉత్తరం పట్టుకుని తానే నల్గొండకు పోయి ఆయన ముందు పెట్టింది.

“నాది గూడ తప్పే సార్,” అంది. “ఆమె గిట్ల దిద్దకపోతే మళ్ల అబద్ధమే అచ్చయ్యేది.”

ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, భాషల పేర్లు ఎలా పలకాలో ఆమెతో పలికించుకుని తెలుగులో రాసుకున్నాడు. ఆ రోజంతా ఇద్దరూ ఒక్కో వాక్యం పట్టుకుని, ఇది ఎవరు చూశారు, ఎవరు చెప్పారు అని విచారిస్తూ కూర్చున్నారు. తేలని నాలుగు సంగతులు వదిలేశారు.

1993లో సవరించిన ముద్రణ వచ్చింది. జాంబియాకు మూడు పేజీలు. కింద రాసినవాళ్ల పేర్లు: సాలమ్మ, ముటింటా, నూరుద్దీన్. తన పేరు చివర పెట్టించుకున్నది ఆయనే.

సాలమ్మ ఒక ప్రతి ముటింటాకు పంపింది. తెలుగు రాని మనిషి గనుక ఆమె పేరు కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన ఇంగ్లీషులో రాసింది, “పదకొండు రోజులు నన్ను బతికించినందుకు” అని. తర్వాత కవరు అంటించి పోస్టాఫీసుకు నడిచింది.