అమ్మా నేనూ ఒకేసారి

మొన్న కోదాడలో మా మనుమరాలి కొడుక్కు చెవులు కుట్టించారు. పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికి మేనమామ కావాలన్నాడు కంసాలి. మనుమరాలికి అన్నా లేడు, తమ్ముడూ లేడు. ఆమెతో పనిచేసే అబ్బాయినెవరినో కూర్చోబెట్టి పని కానిచ్చారు. అందరూ నవ్వారు గానీ, నాకు మాత్రం మా పెద్దమ్మాయి మేనమామలు గుర్తొచ్చారు. వాళ్ళలో చిన్నవాడు మేనకోడలికంటే కొద్దిరోజులే పెద్ద.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడు, తొలికాన్పుకని నేను సూర్యాపేట నుంచి వేములపల్లిలోని పుట్టింటికి వచ్చేసరికి, అమ్మ కూడా నిండు నెలలతో ఉంది. ఆ సంగతి నాకెవరూ కబురు చెయ్యలేదు. కన్న పిల్లల్లో సగంమంది దక్కని రోజులవి, కడుపు వద్దనుకునే దారి తెలియని రోజులు, కూతురితోపాటు తల్లి కనడం లోకంలో లేని వింతేమీ కాదు. అయినా సిగ్గు సిగ్గే. అమ్మ నా ముఖంలోకి చూసేది కాదు, నేను ఆమె పొట్టవైపు చూసేదాన్ని కాదు. వాకిట్లో అల్లుడి గొంతు వినబడితే చాలు, ఆ బరువుతోనే వడ్ల గుమ్మి వెనక్కి వెళ్ళి నిలబడేది. మా అత్తవారికి తెలిస్తే ఎలాగని నేను రోజూ కుమిలిపోయేదాన్ని.

ముందు అమ్మకు కొడుకు, తరువాత నాకు కూతురు. నాకు జ్వరం తగిలి పాలు పడలేదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అమ్మ ఎవరినీ అడగలేదు. నా పక్కలోంచి తీసుకుని, తమ్ముడితోపాటు దానికీ పాలిచ్చింది.

అలా ఇస్తుండగానే మా అత్తగారు కచ్చురం బండి దిగి, చెప్పాపెట్టకుండా లోపలికి వచ్చేసింది. అమ్మ బెదిరిపోయి కొంగు లాక్కుని, ఏ బిడ్డను దాచాలో తెలియక ఇద్దరినీ గట్టిగా అదుముకుంది. నేను గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాను.

"తియ్యకు వదినా, తాగనియ్యి," అంది అత్తగారు, పక్కనే కూలబడుతూ. అమ్మ కొంగు సర్ది, "నా పెద్దబిడ్డ పురుడప్పుడు నాకూ గిట్లనే కాన్పయింది. సిగ్గుతోని గదిల్నుంచి బయటికి రాలే. నా బిడ్డకు పాలు పడకపాయె. నేనిస్తనని నోరు తెరిసి అడగలే. నా మనుమరాలు దక్కలే," అంది.

అమ్మ ఏడ్చింది. నేను ఆ వైపు తిరగనేలేదు.

ఇప్పుడు మా ఇళ్ళలో ఎవరూ అలా దాక్కోవడం లేదు, పుట్టిన ప్రతి బిడ్డా దక్కుతున్నది, అంతకన్నా ఏం కావాలి. పిల్లలకు వరసలు పిలవడానికి మనుషులే తక్కువయ్యారు. అమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ మా ఆయన ముందు తమ్ముణ్ణి "నా కొడుకు" అనలేదు, "పిల్లగాడు" అనేది.