ఇక్కడ అంటే ఎక్కడ మేడమ్

విజయనగరంలో మా కాలేజీలో సాంకేతిక సదస్సు జరిగినప్పుడు నేను మూడు గంటల పాఠం చెప్పాను. ప్రోగ్రామింగ్ ఎరగనివాళ్లకి, పట్టికల్లో ఉన్న వివరాలని కంప్యూటరు చేత ఎలా చదివించాలో చూపించే పాఠం. హాలు నిండింది. ఇంకొంతమంది ఇళ్ల నుంచే ఆన్‌లైన్‌లో చేరారు. చివర్లో చప్పట్లు కొట్టారు. బాగానే జరిగిందనుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఒకావిడ ఫోన్ చేసింది.

"అరసవల్లి నించి మాటాడతన్నాను మేడమ్. మీ పాఠం ఇన్నాను. సగమే ఇన్నాననుకోండి."

అక్కడ జిరాక్సు షాపు నడుపుతోందట. లెక్కలతో డిగ్రీ చేసి, పెళ్లయ్యాక చదువు ఆపేసింది. ప్రకటనలో 'కొత్తవాళ్లకి' అని చూసి, ఆ రోజు షాపు మూసుకుని మరీ కూర్చుందట.

"ఏది అర్థం కాలేదమ్మా?" అన్నాను.

"మీరు 'ఇక్కడ నొక్కండి, తర్వాత ఇక్కడ' అంతారు. ఇక్కడంటే నాకేటి తెలుస్తాది? మీ వేలు నాకు కనపడదు కదా."

కోపం వచ్చిన మాట నిజం. ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని. కానీ ఫోన్ పెట్టేశాక ఆ మాట వదల్లేదు. మర్నాడు నేనే ఫోన్ చేసి, ఒకసారి వస్తానన్నాను. ఆదివారం సూర్యదేవాలయానికి వచ్చే జనంతో ఆ రోడ్డులో ఆటో కదలదు, షాపూ ఖాళీగా ఉండదు. అందుకని మంగళవారం వెళ్లాను.

షాపు వెనక గదిలో రెండు స్టూళ్లు వేసింది. నా పాఠం రికార్డింగు తన ఫోన్‌లో పెట్టింది. ఎదురుగా పాత కంప్యూటరు. పాఠం ఫోన్‌లో చూస్తూ, చెప్పింది కంప్యూటర్లో చెయ్యాలి. ఆ చిన్న తెర మీద నేను రాసిన అక్షరాలు నాకే కనబడలేదు.

కాసేపటికి రికార్డింగులో, హాల్లోంచి ఎవరో ఏదో అడిగారు. ఆ గొంతు అందలేదు. నేను "మంచి ప్రశ్న" అని జవాబు మొదలుపెట్టాను. ఆవిడ ఫోన్ ఆపింది.

"ఆయన ఏటడిగాడు మేడమ్?"

నాకు గుర్తు లేదు.

ఇంకాస్త వెనక్కి జరిపింది. అది సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే భాగం. "అందరికీ ఎక్కిందా?" అని అడుగుతున్నాను. హాల్లో చేతులెత్తినట్టున్నారు, సరే అని ముందుకు వెళ్లిపోయాను.

"నాకు ఎక్కనేదు. రాసేను కూడా. ఎవరూ సూడనేదు," అంది.

తెర పక్కన చాట్‌లో ఆవిడ రాసింది ఉంది: 'ఎర్ర అక్షరాలు వస్తున్నాయి, ఏం చెయ్యాలి?' దాని కింద మరో ఇద్దరు 'నాకూ అంతే' అని రాశారు. మూడు గంటల పాటు అవి అలాగే ఉన్నాయి. నేను హాల్లో జోకులు వేస్తూ ఉన్నాను. సిగ్గేసింది. ఆవిడ టీ తెప్పించింది. తాగి వచ్చేశాను.

తర్వాతి సదస్సుకి పాఠం తిరగరాశాను. సాఫ్ట్‌వేర్ ఎలా ఎక్కించుకోవాలో బొమ్మలతో రాసి వారం ముందే పంపాలనుకున్నాను. ముందు ఆవిడకి పంపాను. "నాలుగోది సెయ్యాలంటే మజ్జిలో ఇంకోటుండాలి మేడమ్, మీరు రాయనేదు," అంది. నిజమే, చేతికి అలవాటైపోయి నేను రాయడం మర్చిపోయిన మెట్టు అది. అక్షరాలు పెద్దవి చేశాను. 'ఇక్కడ' మానేసి 'ఎడమ పక్క పైన నీలం గుర్తు' అనడం నేర్చుకున్నాను. హాల్లో ఎవరు ఏం అడిగినా నేను మైకులో మళ్లీ చెప్పాకే జవాబు. ఆన్‌లైన్ వాళ్లు రాసేవి చదవడానికే ఒక తోటి లెక్చరర్ని కూర్చోబెట్టాను.

మా సదస్సు కన్వీనరు ఒప్పుకోలేదు. "ఇలాగైతే పాఠం సగమే అవుతుంది."

"సగమే చెబుతాను సార్," అన్నాను.

సదస్సు రోజు, పాఠం రెండో గంటలో హాల్లో నెట్ పోయింది. అది తిరిగొచ్చేసరికి పావుగంట పట్టింది. ఈపాటికి ఆన్‌లైన్ వాళ్లంతా వెళ్లిపోయి ఉంటారనుకున్నాను. స్పీకర్లలోంచి అరసవల్లి ఆవిడ గొంతు వినబడింది.

"ఎర్రక్షరాలొస్తే భయపడకండి మాస్టారూ. ఆకరి లైను సదవండి. తప్పెక్కడుందో అందులోనే ఉంటాది."

అవతల రామతీర్థం నుంచి రిటైరైన బడి మాస్టారు ఒకాయన. ఆఖరి లైను నెమ్మదిగా, అక్షరం అక్షరం చదివారు. బ్రాకెట్ మూయలేదని ఆయనే కనిపెట్టారు. మూసి, "వచ్చిందమ్మా," అన్నారు. హాల్లో అందరూ వింటున్నారు.

అప్పుడు ఆవిడ మమ్మల్ని చూసింది. "మేడమ్ వచ్చీసేరు. మీరు సెప్పండి."

"ఇంకెవరికైనా ఆగిపోయిందేమో చూడు, ఆ తర్వాత చెబుతాను," అన్నాను.

అనుకున్న పాఠంలో మూడో వంతు మిగిలిపోయింది. మరీ నెమ్మదిగా ఉందని హాల్లో వాళ్లు కొందరు రాసిచ్చారు. అదీ నిజమే. వాళ్లకోసం ఇప్పుడు వేరే లెక్కలు పట్టుకెళుతున్నాను, అవి సరిపోతున్నాయని మాత్రం చెప్పలేను.

ఈ ఏడు సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే భాగం ఆవిడే చెప్పింది, తన షాపులోంచే. మధ్యలో ఆధార్ కాపీలకి ఒకాయన వచ్చాడు. వింటున్నవాళ్లని రెండు నిమిషాలు ఆగమని, ఆయనకి కాపీలు తీసిచ్చి, వచ్చి మళ్లీ మొదలుపెట్టింది.