బస్సు మెట్టు దగ్గర హాజరు

మా అమ్మ పటం మీది బట్ట తీయడానికి మా అన్న ఎవరిని పిలిచాడో తెలిసినప్పుడు నేను విరుదునగర్‌లో మా ఇంట్లో బియ్యం కడుగుతున్నాను. గిన్నె అలాగే వదిలేసి కోవిల్‌పట్టి బస్సెక్కాను.

మా వైపు పదహారో దినాన పటం తెరుస్తారు. పోయినవారి ఫోటోకు కప్పిన పట్టుబట్టను పేరున్న మనిషి ఒకరు తొలగించి, నాలుగు మంచి మాటలు చెప్పాలి. మా అన్న పిలిచింది అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ యజమానిని. అన్న ఆయనకు అట్టలు సరఫరా చేస్తాడు. ఇంకో కారణం ఉందని ఎవరు చెప్పినా నేను నమ్మను.

అమ్మ ఏళాయిరంపన్నై దగ్గర ఒక నల్లరేగడి పల్లెలో టీచరు. బడిలో అరవం, ఇంట్లో తెలుగు. తెల్లవారకముందే ఫ్యాక్టరీ బస్సు వచ్చి పిల్లల్ని నింపుకుపోయేది. పొద్దుగూకేదాకా చట్రాల్లో అగ్గిపుల్లలు పేర్చి, చేతులకు పుల్లల మందు అంటించుకుని వాళ్ళు తిరిగొచ్చేవారు. ఖాళీ గదికి పాఠం చెప్పి విసిగిపోయి అమ్మ హాజరు పిలవడం బస్సు మెట్టు దగ్గరికే మార్చింది. నన్నూ నిద్రలేపి వెంట తీసుకుపోయేది. చివరి అక్షరం సాగదీసి ఒక్కో పేరూ పిలిచేది. అలవాటు కొద్దీ పిల్లలు లోపలి నుంచి "ఉళ్ళేన్ టీచర్" అనేవారు, ఉన్నానని. పలికినవాళ్ళను చెయ్యి పట్టుకుని దింపేది. ఉన్నానని నోటితో చెప్పాక బడికి రాకుండా ఎలా పోతావని ఆవిడ వాదన. అడ్డొచ్చిన తల్లులతో మాత్రం తెలుగులోనే మాట్లాడేది.

"బిడ్డ చేతికి మందు అంటించేదానికా కంటివి? దించు."

ఒకరోజు ఈ యజమానే జీపులో వచ్చి, ఇంకోసారి అడ్డం నిలబడితే బదిలీ చేయిస్తానన్నాడు. అన్నంత పనీ చేశాడు. దూరాన నరికుడి అనే ఊరి వైపు ఎక్కడో పడేశారు అమ్మను. అక్కడ కొన్నేళ్ళు ఉప్పునీళ్ళు తాగి, మళ్ళీ మా పల్లెకే వేయించుకుని వచ్చింది. వచ్చిన మర్నాడే మెట్టు దగ్గర నిలబడింది.

రిటైరయ్యాక కోవిల్‌పట్టి ఇంటి అరుగు మీద పక్క వీధుల పిల్లలకు చెప్పింది. చివరికి చూపు ఆనకపోయినా గొంతు బట్టి పిల్లల్ని పోల్చుకునేది. ఒకరి బదులు ఇంకొకరు పలికితే ఇద్దరికీ తిట్లే. ఎనభై దాటినా ఆ నోటికి పదును తగ్గలేదు. అంత బతుకు బతికిన మనిషి పటం మీద ఆ చెయ్యి పడాలా?

పటం తెరిచే మండపంలో అదే మాట అన్నను అడిగాను.

"ఊరకుండు. నలుగురూ చూస్తా ఉండారు" అన్నాడు.

యజమాని తన ఫ్యాక్టరీ ఆడవాళ్ళను కూడా ఫ్యాక్టరీ బస్సులోనే తెచ్చి వెనక వరసల్లో కూర్చోబెట్టాడు. సగం మంది అమ్మ దగ్గర చదివినవాళ్ళే. ఆయన బట్ట తీసి, దండ వేసి, అరవంలో తీరిగ్గా మాట్లాడాడు. టీచరమ్మ దగ్గర చదివినవాళ్ళే తన దగ్గర అందరికన్నా ఓపికగా కూర్చుని పనిచేస్తారట. అంత క్రమశిక్షణ నేర్పిన తల్లికి తను రుణపడి ఉన్నాడట. జనం తలలూపారు. మా అన్న అందరికన్నా ఎక్కువ ఊపాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి, ఆ బట్ట తీసుకుని మళ్ళీ పటానికి కప్పేశాను. అన్న నా మోచెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాను. వెనక వరసలో నా ఈడు మనిషి ఒకామె కనిపించింది. అమ్మ బస్సులోంచి మొట్టమొదట దింపింది ఆమెనే. పదో తరగతి దాకా చదివించింది. పెళ్ళయ్యాక, అదే పల్లెలోని అత్తింటివాళ్ళు మళ్ళీ ఆ బస్సే ఎక్కించారు. అమ్మ పిలిచినట్టే, చివరి అక్షరం సాగదీసి, ఆమె పేరు పిలిచాను.

"ఉళ్ళేన్ టీచర్" అంటూ ఆమె లేచి నిలబడింది. లేచాక గానీ తను లేచినట్టు ఆమెకు తెలియలేదు. యజమాని వెనక్కి తిరిగి చూశాడు. ఆమె వరసలోంచి బయటికి వచ్చి పటం దగ్గరికి నడిచింది.

"రేపు నన్ను బస్సు ఎక్కనియ్యరక్కా" అంది నాకు మాత్రమే వినపడేలా. ఇంట్లో సంపాదన ఆమె ఒక్కదానిదే.

"నేను వస్తా" అన్నాను.

ఆమె బట్ట తీసింది. బట్ట కింద నలిగి అమ్మ ముఖం మీదికి జరిగిన దండను మందు మరకల వేళ్ళతో సర్దింది.

మర్నాడు తెల్లవారకముందే ఆ పల్లెకు వెళ్ళి, అమ్మ నిలబడిన చోటే నిలబడ్డాను. అమ్మ అక్కడ నిలబడింది పిల్లను దింపడానికి. నేను నిలబడింది అదే మనిషిని ఎక్కించడానికి. బస్సు వచ్చింది. తలుపు తీయకుండా డ్రైవర్ హారన్ కొట్టాడు. తలుపు తీసి, ఆమె ఎక్కేదాకా నేను బస్సుకు అడ్డం తొలగలేదు.