రీడ్ లేని శాక్సాఫోన్

నా బిడ్డల మీద ఒట్టు, రమణమ్మా... ఒక్క ముక్క కూడా కల్పించడం లేదు. నవ్వకుండా విను.

ఈ అరబ్బు దేశంలో, జాబ్రియాలో నేను పనిచేసే ఇంటి యజమానురాలు ఉంది కదా, మేం మామా అని పిలిచే ఆమె, ఆమె కన్నతండ్రి సంగతి ఇది. మేం బాబా అనేవాళ్లం. ఇరవై ఏళ్లు పరదేశాల హోటళ్లలో ఆల్టో శాక్సాఫోన్ వాయించి, రికార్డులు కూడా చేసిన మనిషి. ఊపిరి తగ్గాక ఇల్లు చేరారు. ఆ తీరును కూల్ జాజ్ అంటారట. పెళ్లి బ్యాండులా చెవులు పగలగొట్టదు. స్వరంలో వణుకు ఉండదు. సగం పలికించి వదిలేసేవారు... ఆ వదిలేసిన చోటే నాకు ఏడుపొచ్చేది.

"గట్టిగా ఊదితే పాట చస్తుంది" అనేవారు, వచ్చీరాని హిందీలో.

రోజూ సాయంత్రం చాయ్ గ్లాసులో నీళ్లు పోసి రీడ్ నానబెట్టడం నా పని. రీడ్ అంటే ఊదే చోట బిగించే పలుచని బద్ద. అది లేకపోతే గాలి పోతుందే తప్ప స్వరం రాదు.

మామాకు ఆ పాటంటే మంట. ఒకరోజు రీడ్ల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అన్నీ విరిచెయ్. ఆయన ముందే. లేదంటే నీ ఇఖామా ఖలాస్." ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, అది పోతే నా పనీ పోయినట్టే.

విరిచాను. టిక్... టిక్... బాబా మంచం మీది నుంచి చూస్తూనే ఉన్నారు. చివరిది మిగిలింది.

"ఒక్కటి ఉంచు, బిడ్డా."

నేను మామా ముఖం చూశాను. టిక్. మామా నవ్వింది.

ఆ వారమే ఆయాసం ముదిరి ఆయన్ను ఆస్పత్రిలో చేర్చారు. ఆయన గదికి మామా తాళం వేసింది.

మూడో రాత్రి... ఆ గదిలో చప్పుడు. టప్... టప్... శాక్సాఫోన్ మీటల మీద వేళ్లు పడే చప్పుడు. నాకు తెలియదా! తర్వాత గాలి. ఉత్త గాలి. హ్హ్... హ్హ్... స్వరం రాక కొట్టుకుంటున్న ఊపిరి. తలుపుకు చెవి ఆనించాను.

గాలి ఆగింది.

అప్పుడు... పలికింది. మెత్తగా. వణుకు లేకుండా. సగం పలికి... వదిలేసింది.

వెనక నుంచి వచ్చి మామా నా చెంప పగలగొట్టింది. "ఒకటి దాచావా? లోపల ఎవరు?" తాళం తీసింది. ఎవరూ లేరు. శాక్సాఫోన్ మంచం మీద ఉంది. రీడ్ లేదు. ఊదే చోట వేలు పెట్టి చూశాను... తడి.

తెల్లారి ఆస్పత్రి నుంచి ఫోన్. బాబా ఏ వేళకు పోయారో మామా నాకు చెప్పలేదు.

"ఏసీ చప్పుడై ఉంటాది మే. ఊరికే బయపడాక" అంటావు నువ్వు. అయ్యుండొచ్చు. కానీ మామా ఇప్పటికీ అడుగుతూనే ఉంది, ఒకటి దాచావు కదా అని.

దాచలేదు, రమణమ్మా. ఒక్కటి దాచి ఉంటే... నాకింత భయం ఉండేది కాదు.