అక్క చేతికి చేసిన కర్ర

నా చిన్నప్పుడు, నాది కాని ఒక వస్తువును నేను మార్పిడి చేశాను. అది ఎవరిదో ఆ మనిషిని అడగకుండా చేశాను. తర్వాత ఆ మనిషితోనే అబద్ధం కూడా చెప్పాను. మేలు చేయబోయి చేసిన తప్పని చాలా ఏళ్లు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. మిగతా సగం, నలుగురు నవ్వుతుంటే తట్టుకోలేకపోవడం.

ఆ సంగతి మళ్లీ కదలడానికి కారణం మా అల్లుడు. హైదరాబాద్‌లో ఆఫీసు స్నేహితులతో కలిసి కొత్తగా గోల్ఫ్ నేర్చుకుంటున్నాడు. కర్రలు కొనాలట. మనిషి ఎత్తూ, చేతుల పొడవూ, పట్టు తీరూ కొలిచి చేసిచ్చేవాళ్లు ఉన్నారట. పేరున్న కంపెనీవి షాపులో సిద్ధంగానూ ఉన్నాయట. "కొలత పెట్టి చేయించుకుంటే రేపు అమ్మేటప్పుడు ఎవ్వలు కొనరంటున్నరు మామయ్యా. కంపెనీవైతే ఎప్పుడన్నా ధర వస్తది. ఏం చేయమంటరు?" అని ఫోన్లో అడిగాడు. మాటవరసకే అడిగి ఉంటాడు. గోల్ఫ్ గురించి ఈ ముసలాయనకేం తెలుసనుకుంటాడు? తర్వాత చెప్తానని పెట్టేశాను. కానీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే నా కంచంలో టేకు కట్టె పొగ వాసన వచ్చింది.

మేమప్పుడు ఆదిలాబాద్ వైపు ఒక మిల్లు కాలనీలో ఉండేవాళ్లం. బాపు మిల్లులో పనిచేసేవాడు. ఆఫీసర్లకు ఒక క్లబ్బు, దాని వెనుక తీగ కంచె వేసిన గోల్ఫ్ మైదానం ఉండేవి. వానాకాలంలో తప్ప అక్కడ గడ్డి పచ్చగా ఉండేది కాదు. ఆ మైదానంలో మాలి మా పక్కింటాయన. ఆయన కూతురే మా పక్కింటి అక్క. నాకంటే నాలుగేళ్లు పెద్దది.

అక్కకు ఎడమ చేతికి చిటికెన వేలూ ఉంగరం వేలూ లేవు. చొప్పదండి దగ్గర అమ్మమ్మ ఇంట్లో గడ్డి కోసే మిషన్‌లో పోయాయి. అప్పటి నుంచి ఆ చెయ్యి ఓణీ కొంగు కిందే ఉండేది. బతుకమ్మ ఆడేటప్పుడు చప్పట్లు కొట్టాలని ఆటకే రావడం మానేసింది. ఆ చెయ్యి బయటికి వచ్చేది ఒక్కచోటే. వాళ్ల బాపు వెంట మైదానానికి వెళ్లినప్పుడు, పారేసిన కర్ర ఏదైనా దొరికితే రెండు చేతులా పట్టుకొని బంతిని కొట్టేది. అప్పుడు కొంగు సంగతి మరిచిపోయేది. బంతి బాగానే లేచేది కానీ, కర్ర మాత్రం ప్రతిసారీ చేతిలో గిర్రున తిరిగిపోయేది. ఆ ఆటలో కర్రను పైన పట్టే ఎడమ చేతి పట్టుకు ఆధారం ఆ చివరి రెండు వేళ్లేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

అది చూసినవాడు మేస్త్రి తాత. మా వరుసలోనే చివరి ఇల్లు ఆయనది. మిల్లులో ఇనుప భాగాలు పోత పోయడానికి ముందు వాటి అచ్చులను కట్టెతో చేయడం ఆయన పని. పోసిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి అచ్చును కొద్దిగా పెద్దదిగా చెయ్యాలి. ఎంత పెద్దదిగా అన్నదే ఆ పనిలోని నేర్పు. ఒక ఆదివారం ఆయన అక్కను నిలబెట్టి, మణికట్టు నుంచి నేల దాకా దారంతో కొలిచాడు. తర్వాత ఒక బొంగుకు తడి మట్టి చుట్టి, బంతిని కొట్టేటట్టే గట్టిగా పట్టుకోమన్నాడు. మట్టి మీద ఎనిమిది వేళ్ల గుర్తులు పడ్డాయి. ఆ గుర్తుల ప్రకారం టేకు పిడి చెక్కి, పాత కర్ర ఇనుప గొట్టానికి బిగించాడు. "పిల్ల చెయ్యి పెరుగుతది. జర జాగ ఇడిసిన," అన్నాడు.

ఆ పిడి చూడటానికి అల్లం కొమ్ములా ఉండేది. ఒకచోట ఉబ్బు, ఒకచోట గాడి, చివర ఒక బొడిపె. ఇంకెవరు పట్టుకున్నా పరాయి మనిషి చేతిలో చెయ్యి పెట్టినట్టు ఉండేది. అక్క పట్టుకుంటే మాత్రం కదిలేది కాదు.

ఏడాదికొకసారి, మిల్లు పండుగ రోజున, కార్మికుల పిల్లలను కంచె లోపలికి రానిచ్చి పోటీ పెట్టేవారు. తలా మూడు దెబ్బలు. జెండా కర్రకు దగ్గరగా కొట్టిన ఇద్దరికి ఏడాది పొడుగునా ఆదివారాలు ఆఫీసర్ల పిల్లలతో పాటు ఆట నేర్పేవారు. అక్కకు కావలసింది అదే. రెండు నెలలు బాయిలర్ బూడిద కుప్పల వెనుక కొట్టీ కొట్టీ, డబ్బా పెట్టిన చోటికి బంతిని పంపడం నేర్చుకుంది. వాళ్ల అమ్మకు ఇది నచ్చేది కాదు. "ఉన్న వేళ్లు సుత పోగొట్టుకుంటవా?" అనేది. అందుకే కర్రను మా ఇంట్లో దాచేవాళ్లం. పోటీ రోజు దాన్ని మైదానానికి తెచ్చే పని నాది.

ఆ పొద్దున నేను కావాలనే ముందుగా వెళ్లాను. కర్ర భుజాన వేసుకొని క్లబ్బు స్టోరు ముందు అటూ ఇటూ తిరిగాను. నలుగురైదుగురు చాయ్ తాగుతున్నారు. స్టోరు చూసుకునే ఆయన నన్ను పిలిచాడు.

"ఏందిరా అది? అల్లం కొమ్ముకు ఇనుప తోక పెట్టిండ్రా?"

అందరూ నవ్వారు. మేస్త్రి తాత చేసిన కర్ర అని గొప్పగా చెప్పాను. ఆయన పట్టుకొని చూసి, చెయ్యి దులుపుకొని, లోపలి నుంచి కంపెనీ కర్ర ఒకటి తెచ్చాడు. నల్ల రబ్బరు పిడి, దాని మీద బంగారు రంగు ముద్ర. "గీ ముద్ర సూడు. పదేండ్లు ఆడి అమ్మినా కొనెటోళ్లు ఉంటరు. నీ కర్రను ఎవలన్న ముట్టుకుంటరా? పొయ్యిల కట్టె కింద సుత కొనరు." మళ్లీ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. ఒక ఆఫీసర్ పాత కర్ర బాగు చేయడానికి ఆయనకు సరిగ్గా అలాంటి గొట్టమే కావలసి ఉంది. "నీది ఇచ్చి గిది తీస్కపో," అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు నేను. అక్కకు ధర పలికే వస్తువు తెచ్చిపెడుతున్నాననుకున్నాను.

ఆయన సుత్తితో రెండు దెబ్బలు వేసి పిడిని ఊడగొట్టి, చాయ్ పొయ్యిలోకి విసిరాడు. టేకు బాగా మండింది. చూస్తూ నిలబడ్డాను.

అక్క వచ్చి నా చేతిలోని కర్రను చూసి, "నాదేది?" అంది. అప్పటికి నాకు లోపల భయం మొదలైంది. "ఆటకు కంపెనీదే ఉండాలంట అక్కా. క్లబ్బోళ్లు చెప్పిండ్రు," అన్నాను. ఆమె నమ్మింది. నా మొహం చూసి ఏమనుకుందో, "మంచిగనే ఉందిరా," అని కూడా అంది.

మొదటి దెబ్బకు కర్ర చేతిలో తిరిగి, బంతి పక్కకు దొర్లింది. రెండో దెబ్బకు కర్రే చేతిలోంచి జారి ఎగిరి పడింది. కంచె దగ్గర ఎవరో నవ్వారు. మూడో దెబ్బ ఆమె కొట్టలేదు. కర్రను తెచ్చి గడ్డి మీద మెల్లగా పెట్టి, చెయ్యిని కొంగు కిందికి తీసుకొని, వాళ్ల బాపు దగ్గరికి నడిచి వెళ్లిపోయింది. ఆ తర్వాత మైదానం వైపు రావడమే మానేసింది.

మేస్త్రి తాతకు ఎలా తెలిసిందో నేను అడగలేదు. రెండు రోజుల తర్వాత కంపెనీ కర్ర పట్టుకొని రమ్మని కబురు పంపాడు. తిడతాడనుకున్నాను. ఆయన పాత పంచె చింపి, నా ఎడమ చేతి చివరి రెండు వేళ్లను అరచేతిలోకి మడిచి, ఆ పేలికతో కట్టేశాడు. వాకిట్లో బంతి పెట్టి కొట్టమన్నాడు. కొట్టాను. కర్ర జారి ఆయన తులసి గద్దెకు తగిలింది. మళ్లీ కొట్టమన్నాడు. అలా ఎన్నిసార్లో లెక్క లేదు. చివరికి చెయ్యి బొబ్బలెక్కి కూలబడ్డాను.

ఆయన పక్కన కూర్చొని కట్టు విప్పాడు. "గా కర్రకు ధర లేదన్నడా స్టోరాయన? నిజమే బిడ్డా. గసొంటి చెయ్యి లోకంల ఇంకోటి లేదు. ఇగ ఎవలు కొంటరు?" అన్నాడు.  లేచి, తడి మట్టి ముద్ద చేసి నా చేతిలో పెట్టాడు. కొత్త పిడికి అక్క పట్టు మళ్లీ కావాలి. తెచ్చే పని నాది.

ఆ మట్టితో వాళ్లింటికి వెళ్లాలంటే నిజం చెప్పక తప్పదు. రెండు వాడలు చుట్టి తిరిగాను. అక్క బోరింగు దగ్గర కుడి చేత్తో నీళ్లు కొడుతోంది.

"క్లబ్బోళ్లు ఏమనలే అక్కా," అన్నాను. "కంపెనీది ఉండాలని ఎవ్వలు చెప్పలే. నేనే మార్చిన."

బోరింగు ఆగింది. "మరి నాది?"

"గొట్టం ఇంకోదానికి ఏసుకున్నరు. పిడి చాయ్ పొయ్యిల ఏసిండ్రు."

బిందెను పక్కకు జరిపింది. తర్వాత అంది, "కనీసం చాయన్నా మంచిగైందా?"

నేను ఏడ్చేశాను. ఆమె నవ్వలేదు, ఊరడించనూ లేదు. కాసేపు చూసి, "ఏడ్వకు. మట్టి ఎండిపోతది," అని కొంగు కింది నుంచి చెయ్యి తీసి చాపింది.

కొత్త పిడిని నున్నగా చేసే పని మొత్తం మేస్త్రి తాత నా చేతే చేయించాడు. బడి నుంచి రాగానే వేళ్లు కట్టుకొని, పట్టుకొని చూసి, ఎక్కడ గుచ్చుకుంటుందో అక్కడ ఉప్పు కాగితంతో రుద్దేవాణ్ని. కంపెనీ కర్ర మీది ముద్ర ఉన్న రబ్బరు పిడిని కూడా నా చేతే కోయించాడు. దాని గొట్టాన్ని అక్క ఎత్తుకు కురచ చేసి, టేకు పిడి దానికే బిగించాడు. అలా దానికీ అమ్మకపు ధర లేకుండా పోయింది.

కానీ పోయిన పోటీని తిరిగి తేలేకపోయాను. మరుసటి ఏడు కార్మికుల పిల్లలకు పోటీ పెట్టలేదు, ఆ తర్వాతా పెట్టలేదు. అక్క బూడిద కుప్పల వెనుకే కొట్టుకుంది. ఆ ఏడు బతుకమ్మకు మాత్రం వచ్చింది. చప్పట్లు కొట్టలేదు. తంగేడు పూల తాంబాళాన్ని రెండు చేతులా పట్టుకొని, అందరి ముందు నుంచి నడిచింది.

ఇప్పుడు ఆమె సుల్తానాబాద్‌లో ఉంటుంది. మనవలున్నారు. మేస్త్రి తాత పోయి చాలా కాలమైంది. పోయేలోగా చెక్కుడు పని కొంత నాకు నేర్పాడు. ఆయన విడిచిన జాగా చాలా ఏళ్లు సరిపోయింది. పిల్లలు పుట్టాక అక్క చెయ్యి నిండుగా మారితే రెండో పిడి నేను చేసిచ్చాను. ఇప్పుడు కీళ్ల నొప్పులతో వేళ్లు వంకర తిరిగాయి. అల్లుడి ఫోను వచ్చిన వారానికి బస్సెక్కాను. సంచిలో తడి గుడ్డలో చుట్టిన మట్టి ముద్ద ఉంది.

డాబా మీద వడ్లు ఎండుతున్నాయి. ఆ కర్రతో ఆమె కోతులను అదిలిస్తోంది. ఇన్నేళ్లూ ఆ కర్రకు అదే ఉద్యోగమట. "పాత సామాన్లోడు అడిగిండురా, అమ్ముతవా అవ్వా అని," అంది. "పట్టి సూడమని చెప్పిన. పట్టిండు, సూసిండు. గిది నీకే ఉండనీ అవ్వా అని పోయిండు." చెప్పి చాలాసేపు నవ్వింది. నేను మట్టి విప్పాను. ఈసారి చెయ్యి చాపమని అడగాల్సిన పని లేకపోయింది.

అల్లుడికి తిరుగు బస్సులోంచే ఫోన్ చేశాను. అమ్ముకునేందుకైతే కంపెనీవే మంచివి బాబూ, వాళ్లు చెప్పింది నిజమేనన్నాను. ఆడేందుకైతే ముందు నీ చేతిని కొలవనియ్యమన్నాను. ఎందుకలా అంటున్నానో కూడా చెప్పాను, చాయ్ పొయ్యితో సహా, చెప్పిన అబద్ధంతో సహా. 

ఇంటికి వచ్చి టేకు ముక్క తీసుకొని వాకిట్లో కూర్చున్నాను. పంచె అంచు చింపి, ఎడమ చేతి చివరి రెండు వేళ్లు మడిచి, పళ్లతో ముడి బిగించి కట్టుకున్నాను. నా భార్య చూసి, ఉప్పు కాగితం తెచ్చి పక్కన పెట్టింది. ఆమెకు తెలుసు, అలా కట్టుకోకపోతే ఎక్కడ చెక్కాలో నాకు తెలియదని.