పుట్ట చుట్టూ వయ్యారిభామ

మీ ఇంటి వెనక వయ్యారిభామ ఎదుగుతుంటే మీరు ఎవరితో వాదిస్తూ కూర్చున్నారు?

నేను మూడు ఆదివారాలు వాదించాను. అశోక్‌నగర్‌లో మా ఇంటి వెనక, నాలా ఒడ్డున, కానుగ చెట్లున్న కాస్త జాగా మిగిలింది. తొలకరి పడగానే అక్కడ వయ్యారిభామ కలుపు లేచి గరికను మింగేస్తుంది. దాని పుప్పొడి గాలిలో కలిస్తే మా ఆవిడకు ఊపిరి ఆడదు. మా పడకగది కిటికీ అటువైపే. నిరుడు రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాం. ఈ ఏడు పూత రాకముందే పీకేయాలని, చిక్కడపల్లి లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదివే నలుగురిని అడిగాను. వచ్చారు. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని వేరుతో సహా పీకాం.

జాగా మధ్యలో ఒక పుట్ట ఉంది. నాగుల చవితికి ఆడవాళ్లు పాలు పోస్తారు. మేం అటు నడవగానే పక్క గల్లీ పెద్దమ్మ కేకేసింది.

"పుట్ట జోలికి పోకుండ్రి బిడ్డా!"

వాదన పెట్టుకోవడానికి నాకు అంతే చాలు. అది చెదలు కట్టిన మట్టి అన్నాను, పాము పాలు తాగదన్నాను. ఆమె మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. మరుసటి ఆదివారం ముగ్గురు ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చింది. నేను పాముల మీద పుస్తకాలు పట్టుకెళ్లాను.

"సార్, మీరు మాట్లాడుతుండుండ్రి, మేం పీకుతం" అంది లైబ్రరీ నుంచి వచ్చినవాళ్లలో ఒకమ్మాయి.

"ఇది తేలాకే" అన్నాను. పుట్ట చుట్టూ ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. గెలిచి పీకాలనుకున్నాను.

మూడో ఆదివారం నారాయణగూడలో గొంతు బిళ్లలు కొనుక్కుని మరీ వెళ్లాను. పెద్దమ్మ అరగంట విన్నది.

"ఏంది సారూ గీ లొల్లి? పుట్టను పలగ్గొట్టొద్దన్న. గడ్డి పీకొద్దన్ననా? పీకుండ్రి జర. పాలు పోయనీకి పోతే మా కాళ్లకే దురద పెడ్తది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. పుట్ట చుట్టూ తెల్లగా పూసి ఉంది.

పీకాం. పెద్దమ్మ కూడా కొంగు బిగించి పీకింది. కదిపిన ప్రతి మొక్కా పొడి రాల్చింది. ఆ సాయంత్రమే మా ఆవిడకు ఆయాసం మొదలైంది. ఆటోలో ఆసుపత్రికి వెళ్తుంటే, ఊపిరి కూడదీసుకుని అడిగింది.

"గెలిచిన్రా?"

సిగ్నల్ దగ్గర ఎర్ర అంకెలు తగ్గుతున్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను.

ఆమె ఇంటికి వచ్చింది. కిటికీ ఆ రోజు నుంచి మూసే ఉంది. నేను వేళకు తింటున్నాను, పేపరు చదువుతున్నాను. పాము పాలు తాగదన్నది ఇప్పటికీ నిజమే.

రాలిన గింజలు ఆ మట్టిలోనే ఉన్నాయి. వచ్చే వానకు మళ్లీ మొలుస్తాయి. మీ ఇంటి దగ్గరా మొలుస్తాయి. ఎవరైనా అడ్డొస్తే వాళ్లు ఏమంటున్నారో ముందు చివరిదాకా వినండి. ఆపైన వంగి, పూత రాకముందే, వేరుతో సహా పీకండి.