ఉసురు బండి

పన్ను కట్టలేదని సర్కారు పట్టుకున్న జీపును వేలంలో కొన్నాను. మా వైపు ఈ సంగతిని ఇంత సూటిగా చెప్పరు. “ఏడ్చినోని సొమ్ము ఇంటికి తెచ్చుకుంది” అంటారు. జప్తు చేసిన వస్తువు కొంటే, దాన్ని పోగొట్టుకున్నవాడి ఉసురు తగులుతుందని నమ్మకం. అదే బండిని ముక్కలు చేసి పాత ఇనుము కింద అమ్ముకునే వాళ్లకు మాత్రం ఏ ఉసురూ తగలదు. వాళ్లందరూ మేడలు కట్టారు.

మా పుట్టినిల్లు జూలూరుపాడు దగ్గర. పెళ్లికి ముందే నాన్న ట్రాక్టరు తోలాను. సారపాకలో కాపురం పెట్టాక, అడవి లోపలి ఊళ్లకు మనుషుల్ని చేరవేసే ఒక జీపుకు డ్రైవరుగా కుదిరాను. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన మాట నిజమే, కానీ ఆ ఊళ్లకు బస్సే రాదు. ఉన్నట్టుండి ఆ యజమాని జీపు అమ్మేసుకున్నాడు. ఇక సొంత బండైనా కొనాలి, లేదా మిరప కోతలకు కూలికైనా పోవాలి. స్టీరింగ్ పట్టిన చేతులతో మళ్లీ కోతలకు పోవడం నాకు చచ్చినా ఇష్టం లేదు. చీటీ పాడి డబ్బు తెచ్చుకుని రవాణా శాఖ వేలానికి బయల్దేరాను.

ఆఫీసు వెనక ఆవరణలో జప్తు బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. చక్రాల మధ్య నుంచి పిచ్చిమొక్కలు మొలిచాయి. వచ్చిన వాళ్లంతా పాత ఇనుము వ్యాపారులు. ఆడదాన్ని నేనొక్కదాన్నే.

“ఏంది చెల్లె, ఎవరి కోసం వచ్చినవ్?” అన్నాడు వాళ్లలో పెద్దాయన.

“నా కోసమే వచ్చిన.”

“పాట మాకిడిసిపెట్టు. మేం మేం సర్దుకుంటం. నీ చాయ ఖర్చులు మేం జూసుకుంటం.”

వాళ్లు ముందే కూడబలుక్కుని వచ్చారు. ఒక్కడే పాడాలి, తక్కినవాళ్లు నోరు మూసుకోవాలి, లాభం తర్వాత పంచుకోవాలి. “చాయ మా ఇంట్లనే తాగొచ్చిన” అన్నాను. తమలపాకుతో నువ్వొకటంటే తలుపుచెక్కతో నేనొకటనే రకాన్ని.

బతుకమ్మ ఆడేటప్పుడు కూడా నా గొంతు పైకి లేవదు. ఆ రోజు నా పాట గేటు బయటిదాకా వినిపించింది. నన్ను బెదరగొట్టాలని వాళ్లు కాసేపు పెంచారు. ఇనుము ధర దాటాక వాళ్లకు గిట్టదు, నాకు గిడుతుంది. అధికారి “మూడోసారి” అని బల్ల మీద కొట్టాడు. బండి నాదైంది.

దాని వెనక పెద్ద అక్షరాలతో “నన్ను చూసి ఏడవకురా” అని రాసి ఉంది. ఇంజను బాగుచేసిన మెకానిక్ అది చదివి తెగ నవ్వాడు.

“అక్కా, ముందు దీన్ని చెరిపేయించు. గుమ్మడికాయ కొట్టు. పాత వాసన పోవాలె.”

“ఏడ్చేటోళ్లను ఏడవనీ” అన్నాను. గుమ్మడికాయ కొట్టలేదు. ఆ వారం దాంతో పులుసు పెట్టాను.

కానీ సారపాక సెంటర్లో బండి పెడితే ఎవరూ ఎక్కలేదు. నిన్నమొన్నటిదాకా నా పక్కన కూర్చుని కబుర్లు చెప్పిన ఆడవాళ్లే గంపలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయారు. “నువ్వంటే కోపం గాదమ్మా, వాని ఉసురు మాకెందుకు” అన్నారు. బ్యాంకు వేలం వేసిన బంగారంతో బిడ్డల పెళ్లిళ్లు చేసిన వాళ్లు కూడా నాకు ఉసురు గురించి చెప్పారు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అని మా అత్త రోజూ దెప్పేది. ఖాళీ బండి తోలుతూ డీజిలు తగలేస్తుంటే ఏడుపొచ్చేది. ఇంకో నెల ఇలాగే గడిస్తే బండిని ఆ ఇనుము వాళ్లకే ఇచ్చుకోవాలి.

ఒకరోజు బండి పాత యజమాని నా దగ్గరికి వచ్చాడు. ఆయనది నేను తిరిగే దారిలోని ఊరే. ఇప్పుడు సారపాక సెంటర్లో జామాయిలు కర్ర లారీలకు హమాలీగా పోతున్నాడు. పదిమంది చూస్తుండగా బండికి అడ్డంగా నిలబడ్డాడు.

“మా ఊరి మీదికెంచి తోలకు. ఈ బండి కనబడితే మా ఇంటామె ఏడుస్తది. ఆడదాని ఉసురు నీకు మంచిది గాదు.”

వెంటనే ఒళ్లు మండింది.

“అన్నా, నీ బండి నేను గుంజుకోలే. సర్కారు పట్టింది, నువ్వు ఇడిపించుకోలే. అందరి ముందల పాడి కొన్న. రోడ్డు నీది గాదు. రేపు పొద్దుగాల మీ ఇంటి ముందలికే వస్త.”

అన్నట్టే మర్నాడు పొద్దున్నే బండిని ఆ వీధిలోకి తిప్పాను. ఆయన అప్పటికే పనికి వెళ్లిపోయాడు. సరిగ్గా ఆ ఇంటి ముందే బండి ఆపాను. అరుగుల మీది జనం బండి వైపు తిరిగారు. ఆయన భార్య చింతపండు గంపతో బయటికి వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు మీద చెయ్యి వేసింది.

“ఈ బండి చూస్తే ఏడుస్తవంట గదా” అన్నాను.

“ఎవరన్నరు?”

“మీ ఆయన.”

ఆమె వీధంతా వినేలా నవ్వింది. “నా గొలుసు అమ్మి కొన్న బండి ఇది. పన్ను కట్టయ్యా అంటే, ఆడదానివి నాకు చెప్తవా అన్నడు. ఏడ్సిన, అవ్. ఆయన మీద ఏడ్సిన. నీకెందుకు తగుల్తది నా ఉసురు?”

అరుగు మీది నుంచి ఇద్దరు ఆడవాళ్లు గంపలతో లేచి వచ్చారు. నేను దిగి వెనక తలుపు తీశాను. వాళ్లు ఎక్కారు. ఆమె గంపను వాళ్లకు అందించి, తను మాత్రం ముందు వైపుకు నడిచింది.

“వెనక జాగ ఉంది గదా” అన్నాను.

“వెనక కూసుంటే సెంటర్ల ఆయనకు నేను కనబడ” అంది. నా పక్క సీట్లో ఎక్కి కూర్చుంది.